పంచనామా కింద సంతకం

1979 జనవరి, మంగళవారం

కుందుర్పి స్టేషన్ లాకప్‌లో చనిపోయిన కూలీ మారెప్ప పంచనామా ఇవాళ చదివాను. వడదెబ్బతో పోయాడట! శాలువా కప్పుకుని చదివాను ఆ మాట. కరువు జిల్లా కదా, ఏ నెలలో వడదెబ్బ అన్నా నమ్ముతారని వీళ్ల ధీమా. ఎస్సైని నిలదీస్తే నవ్వాడు.

"వేలిముద్రలు కాదు మాజీ ఎమ్మెల్యే గారూ, సంతకాలు! చదువుకున్నోళ్లే సాక్షులు. కింద చూసుకోండి."

మొదటి సంతకం హనుమంతుది. మన కూలీ సంఘం మనిషిది! ఒళ్లు మండిపోయింది. నేరుగా వాడింటికే పోయాను.

"ఏమప్పా, మారెప్ప వీపు మీద లాఠీ వాతలు నీకు కనపళ్లేదా?" అని అరిచాను.

వాడు తలెత్తలేదు. "కనపడినాయన్నా. అవే రాసినారనుకున్నా. కాయితం చదివేకి నాకు యాడొస్తాది? నువ్వు సంతకం ఒకటే నేర్పినావు గదా."

నిజమే. కూలికి పిలిచే రైతుల ముందు వేలిముద్ర వేయడం అవమానమని పలక మీద దిద్దించింది నేనే. సంతకం వచ్చిన రోజున సభ పెట్టి చప్పట్లు కొట్టించాను. చదవడం తర్వాత నేర్పుదాంలే అనుకున్నాను. ఆ తర్వాత ఎన్నికలు, అసెంబ్లీ, ఎమర్జెన్సీలో జైలు. హక్కుల గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చానో! ఛీ.

వేలిముద్రే వేసి ఉంటే, వీడికి చదువు రాదని కోర్టులో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? అంత గుండ్రంగా, అంత చక్కగా ఉంది ఆ సంతకం.