రెండు పక్కలా ఖాళీ

చంద్రపూర్,
మంగళవారం

ప్రియమైన అనసూయకు,

ఫోన్ వెలుతురు కళ్లలో గుచ్చుతోంది. అందుకే నువ్వు పంపిన ఖాళీ అన్నం డబ్బాతో ఈ కాగితం పంపుతున్నాను. మెదడుకు ఇన్ఫెక్షన్ అంటున్నారు. నడుములోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. నాలుగు రోజులుగా సూదులు వేస్తున్నా జ్వరం దిగలేదు, మెడ వంగడం లేదు. నిన్ను లోపలికి రానివ్వరు కదా, వరండాలో పడుకోకు. లాల్‌పేట్ ఇంటికి వెళ్లి మన రాకేష్‌ను చదివించు. నేను బొగ్గు తోలే డంపర్ లారీ వేరేవాళ్లకు ఇవ్వొద్దని గని ఆఫీసులో చెప్పు.

నీ
అంజన్న

*

చంద్రపూర్,
గురువారం

రాకేష్ బాపుకు,

మీ కాగితం వరండాలో చదువుతుంటే అమిత్ డాక్టర్ వచ్చారు. ఆయనకు తెలుగు రాదు. నేను మాటలు చదువుకున్నాను, ఆయనేమో మీ రాత నడుమనే ఉండి రెండు పక్కలా బెత్తెడు ఖాళీ ఉండటం చూశారు. ఎప్పుడూ ఇలాగే రాస్తారా అని అడిగారు. మీరు అంచు దాకా రాసే మనిషి అన్నాను. వెంటనే లోపలికి వచ్చి మీ కళ్లకు అటూ ఇటూ వేళ్లు ఆడించారట, మీకు కనిపించలేదట.

స్కానింగ్‌లో తేలింది. మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటుందట. దానిలో గడ్డ పెరిగి కంటి నరాలను నొక్కి, లోపల రక్తం చిమ్మిందట. జ్వరం, వాంతులు, మెడ పట్టేయడం అన్నీ దానివల్లే వచ్చి అచ్చం ఇన్ఫెక్షన్‌లా కనిపించాయట. నడుము నీటిలో క్రిములు లేవట. ఆ గ్రంథి ఇవ్వాల్సిన హార్మోను సూదిలో ఇచ్చారు, ఇంకా ఆలస్యమైతే ప్రాణం పోయేదన్నారు.

రేపు నాగపూర్‌లో ముక్కులోంచి ఆపరేషన్. ఇంతకుముందు కంటి ఇబ్బంది ఉందా అని అడిగితే లేదన్నాను. నిజమే కదా?

మీ
అనసూయ

*

నాగపూర్,
సోమవారం

ప్రియమైన అనసూయకు,

నువ్వు ఇల్లు చేరిన సంగతి తెలిసింది. ఆపరేషన్ తర్వాత ఎడమ పక్క కాస్త తేటపడింది. కుడి పక్క ఇంకా నల్లగానే ఉంది. ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను.

నిజం కాదు. ఆరు నెలలుగా నాకు పక్కలు కనిపించడం లేదు. గని కంటి పరీక్షలో బోర్డు మీది అక్షరాలన్నీ చదివాను, అవి ఎదురుగా ఉంటాయి కదా. చెబితే డంపర్ పోతుందని భయం. మొదటి రోజు డాక్టర్ అడిగినా ఏమీ లేదన్నాను. నాలుగు రోజులు పోయింది నావల్లే.

ఎడ్లకు పూజ చేసే పొలాల పండుగ మరునాడు గని దారి మలుపులో ఒకామె బిడ్డను ఎత్తుకుని నా డంపర్ పక్కనుంచి వచ్చింది. నేను చూడలేదు. బిడ్డతో సహా వెనక్కి పడి, "ఏందన్నా, కండ్లు కనవడ్తలేవా?" అంది. కనిపిస్తున్నాయనే చెప్పాను. తెల్లారి మళ్లీ బండెక్కాను.

చూపు మొత్తం వచ్చినా ఇక స్టీరింగ్ పట్టను. నా లైసెన్స్ ఆఫీసులో ఇచ్చెయ్. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. ఆ నామోషీ నాది, నీది కాదు.

నీ
అంజన్న