వెనక గదికి వెలుతురు

ప్రియమైన అక్కకు,

నాటక కంపెనీతో ఊరూరా తిరిగే మనిషివి. ఈ ఉత్తరం అందేలోపు మకాం మార్చేస్తావేమోనని, సోది లేకుండా విషయానికి వస్తున్నాను.

మన ఇంటి వెనక గది గుర్తుందిగా, నాన్న విరిగిన కుర్చీలన్నీ పడేసేవాడు! దాన్ని ఖాళీ చేయించాను. అత్తయ్య మెట్లెక్కలేకపోతోంది, ఇక్కడికి వచ్చేస్తానంది. కానీ ఆ గది నీకు తెలుసుగా, అగ్గిపెట్టె. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడవైపు. "ఇందులో కుక్కుతావుట్రా నన్ను?" అంటుందేమోనని భయంగా ఉంది.

గోడలు జరపలేం. వెలుతురుతో చిన్న గదిని పెద్దగా అనిపించేలా చెయ్యొచ్చని నువ్వే ఒకసారి అన్నావు. స్టేజీ మీద అడవులూ సముద్రాలూ చూపించేదానివి, ఇది నీకో లెక్కా? వివరంగా రాయి. ఇంటి ముందుభాగంలో పెట్టిన నా కుట్టుషాపు బాగా నడుస్తోంది. నీ మరదలు అడిగానని చెప్పమంది.

ఇట్లు,
నీ తమ్ముడు

*

ప్రియమైన చిన్నోడా,

బతికున్నానో లేదో అడక్కుండా బల్బుల సంగతి అడిగావు. పోనీలే, అత్తయ్య కోసం అన్నావు కాబట్టి క్షమించాను.

ముందు ఆ కప్పు మధ్యలో వేలాడే బల్బు పీకెయ్యి. దానివల్లే మూలలు చీకటిగా ఉంటాయి. మూల చీకటైతే గది అక్కడితో అయిపోయిందని కన్ను తీర్మానించేస్తుంది. మూలల్లో నేలమీద చిన్న దీపాలు పెట్టి, వాటి మొహం గోడకేసి తిప్పు. వెలుగు గోడ మీదుగా పైకి పాకాలి, బల్బు మాత్రం ఎవరికీ కనబడకూడదు. ఇంకొకటి బీరువా మీద, కప్పుకేసి చూసేలా. కప్పు ఎత్తు పెరిగినట్టుంటుంది. గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడకి మిగతావాటికంటే కాస్త ఎక్కువ వెలుగివ్వు, అది వెనక్కి జరిగినట్టుంటుంది. గోడలకి తెల్లరంగు వేయించు. కిటికీ ఎదురుగా అద్దం. బల్ల దగ్గర దీపం ఎడమపక్కన పెట్టు, చేతినీడ పనిమీద పడదు. అత్తయ్య అల్లికలు మానదు కదా.

ఇక నా సంగతి. నిచ్చెన ఎక్కి దిగి మోకాళ్లు అరిగిపోయాయిరా. ఈ సీజను అయిపోగానే వచ్చేస్తాను. మన ఇంటి ముందు గదిలో ఆడపిల్లలకి స్టేజీ లైట్ల పని నేర్పుతాను. అంత ఎత్తు కప్పున్న గది నాకు ఇంకెక్కడా దొరకదు. "ఇది అమ్మాయిది" అని నాన్న చివరిరోజుల్లో అన్నప్పుడు మంచం అవతలిపక్క నువ్వూ ఉన్నావుగా. ఇన్నేళ్లూ ఏ సత్రంలో పడుకున్నా, నాకంటూ ఒక గది ఉందనుకునే పడుకున్నాను. పెట్టెలు మోయడానికి సిద్ధంగా ఉండు, వంక పెడితే వీపు పగులుతుంది!

ప్రేమతో,
అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ చేతిలో ఏం మహత్యం ఉందో గానీ గది మారిపోయింది! నువ్వు చెప్పినట్టే అన్నీ చేయించాను. నీ మరదలు గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఎదురుగోడ నిజంగానే వెనక్కి జరిగింది. పరుపు కూడా కొత్తది కొన్నాను.

ఒక్క మార్పు మాత్రం నా బుర్రతో నేనే చేశాను, మెచ్చుకోవాలి. బల్ల దీపం కుడిపక్కకి పెట్టాను. ఎడంచేత్తో రాస్తుంటే ఎడమపక్క దీపం ఉంటే నీడ కాగితమ్మీదే పడుతుంది కదా.

నువ్వు వచ్చే రోజు ముందే రాయి. తొందరేం లేదు, పని నిదానంగా ముగించుకునే రా.

ఇట్లు,
నీ తమ్ముడు

*

తమ్ముడికి,

అత్తయ్యది కుడిచెయ్యి. అల్లినా, రాసినా, నీ చెవి మెలిపెట్టినా కుడిచెయ్యే. మన ఇంట్లో ఎడమచేతి వాటం నాకొక్కదానికే ఉంది.

ఉత్తరం నాలుగుసార్లు చదువుకున్నాను. నాదే పొరపాటని చెప్పుకోవాలని చాలా చూశాను. కుదరలేదు. పైగా "తొందరేం లేదు" అన్నావు. నేనెప్పుడొస్తానా అని ఇదివరకు ప్రతి ఉత్తరంలో ప్రాణం తీసేవాడివి!

ఆ గది ఎవరికిరా? నా గదిని ఏం చేశావు? ముక్కుసూటిగా రాయి.

అక్క

*

ప్రియమైన అక్కకు,

దాచి లాభం లేదు. షాపుకీ ముందు గదికీ మధ్య గోడ తీయించేశాను. యూనిఫారాల ఆర్డరు దొరికింది. కొత్త మిషన్లు వచ్చాయి, పెట్టడానికి చోటు లేదు. నిన్నడిగితే వద్దంటావు. అందుకే అడగలేదు.

వెనక గది నీకే. నీ కోసమని చెబితే నువ్వంత మనసుపెట్టి రాసేదానివి కాదని అత్తయ్య పేరు చెప్పాను. గది బాగుంటే నీ కోపం దానంతటదే తగ్గుతుందనుకున్నాను. నిజంగా పెద్దగా ఉందక్కా, చూసినవాళ్లందరూ అదే మాట. అయినా నువ్వు ఒక్కదానివే కదా, నీకెంత చోటు కావాలి? పాఠాలకి బయట ఏదో హాలు చూద్దాంలే.

మేం మామగారింటికి వెళ్తున్నాం, ఆయనకి ఆపరేషను. నువ్వొచ్చేలోపు తిరిగొచ్చేస్తాం. మనసులో ఏం పెట్టుకోకు.

ఇట్లు,
నీ తమ్ముడు

*

చిన్నోడికి,

సీజను మధ్యలోనే సెలవు పెట్టి వచ్చేశాను. అత్తయ్య తన మేడమీంచి చకచకా మెట్లు దిగొచ్చి, మీరు ఇచ్చి వెళ్లిన తాళంచెవి నాకిచ్చింది. తను మనింటికి మారుతున్న కబురు నా నోటే మొదటిసారి విన్నదట. నవ్వాలో ఏడవాలో తెలీక ఇద్దరం కాసేపు నీ గుమ్మంలోనే కూర్చున్నాం.

వెనక గదిలో దీపాలన్నీ వేసి చూశాను. చాలా బాగుందిరా. ఇన్నేళ్లు ఈ పనే చేసినదాన్ని, గుమ్మంలో నేనే మోసపోయాను. లోపలికెళ్లి చేతులు చాచాను. ఒకటి గోడకి తగిలింది, ఇంకోటి బీరువాకి. అప్పుడు ఏడుపు ఆగలేదు.

గది పోయినందుకు కాదు. అడిగుంటే తిట్టేదాన్ని, రెండు రోజులు అలిగేదాన్ని, చివరికి సగం ఇచ్చేదాన్నేమో. నువ్వు అడగలేదు. నా వేలితో నా కన్నే పొడిచావు. ఏ దీపం ఎక్కడ పెట్టాలో ఒక్కొక్కటీ ఆలోచించి రాస్తుంటే ఎంత సంతోషపడ్డానో నీకు తెలీదు. అత్తయ్య ఆ గదిలో కూర్చుని అల్లుకుంటుంటే ఎలా ఉంటుందో ఊహించుకుని మరీ రాశాను. అదంతా చదివి నువ్వు నా మంచానికి కొలతలు తీశావు. ఒక్కదానివే కదా అన్నావు చూడు, ఆ మాట మటుకు చచ్చేదాకా మరిచిపోను.

ఇద్దరు మనుషుల్ని పిలిచి నీ మిషన్లన్నీ వెనక గదిలోకి చేర్పించాను. ఒకదాన్నొకటి రాసుకుంటూ ఎలాగో పట్టాయి. కత్తిరించే బల్ల పట్టలేదు, వసారాలో ఉంది. దీపాలు అలాగే ఉంచాను. నిజంగా పెద్ద గదే అన్నావుగా, ఆర్డరు అక్కడే కుట్టుకో.

నా మంచం ముందు గదిలో వేసుకున్నాను. హాయిగా ఉన్నాననుకోకు. మీ మామగారికి ఆపరేషను అని రాశావే, అదీ నిజమో కాదో అని పొద్దుటినుంచీ ఆలోచిస్తున్నాను. పెద్దాయన జబ్బు గురించి ఇలా అనుమానించే మనిషిని కాను నేను. నువ్వు చేశావు నన్నిలా. రేపు "క్షేమం" అని రాసినా వెనక ఏముందో అని వెతుక్కుంటాను.

నువ్వు తీయించిన గోడ మళ్లీ కట్టడానికి మేస్త్రీ రేపు పని మొదలుపెడతాడు. మీరు వచ్చాక తలుపు కొట్టు, తీస్తాను.

అక్క