నాకంటే ముందు పోయిన సంచి

ఫిబ్రవరి 3, మంగళవారం

టికెట్ వచ్చింది. నిజంగానే వచ్చింది! వచ్చే బుధవారం, పొద్దున పదకొండుకి, చెన్నై నుంచి. ఏడింటికల్లా విమానాశ్రయం గేటు దగ్గర ఉండాలి. మా బూట్ల కంపెనీ వియత్నాంలో పెట్టిన కొత్త యూనిట్. ఆరు నెలలు. కుట్టు సెక్షన్‌కి సూపర్‌వైజర్ని నేను. పంతొమ్మిదేళ్ళు మిషన్ మీద వంగిన నడుము ఇది... ఒక్కసారి నిటారుగా నిలబడి చూడాలని ఉంది.

మేనేజర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. టికెట్ మాది, చెన్నై దాకా రావడం, ముందురోజు రాత్రి ఎక్కడ ఉండాలో చూసుకోవడం మీ పాట్లు. ఏడింటికి గేటు దగ్గర కనపడకపోతే రెండో లిస్టులో ఉన్నవాళ్ళు ఎక్కుతారు.

ఇంట్లో చెప్పాను. ఆయన "మంచిదే" అన్నాడు. అంతే. అత్త గోడమీది క్యాలెండర్ షీట్లు ఎత్తి ఎత్తి చూసింది.

ఫిబ్రవరి 4, బుధవారం

అత్త నోరు విప్పింది. "మంగళవారం, అందులో నవమి. ఎవురైనా గడప దాటుతారా?" సోమవారం పోదామంటే అష్టమి, పైగా ఆ రోజు దాకా నాకు డ్యూటీ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటే ఇదే. విమానానికి నవమి తెలీదత్తా అన్నాను. "దానికి తెలీదు, నీకు తెలుసు గదా."

చివరికి పరస్థానం పెడతానంటోంది. మంచి ఘడియలో ప్రయాణం సంచి ఒకటి ముందుగా ఇంకొకరింట్లో పెట్టేస్తే, మనిషి ఆ రోజే బయల్దేరినట్టు లెక్క. తర్వాత ఎప్పుడు పోయినా దోషం లేదు. ఆ సంచి మాత్రం మళ్ళీ మన గడప తొక్కకూడదు, వెళ్ళేటప్పుడు దారిలో ఎత్తుకోవాలి.

సరే పెట్టుకో తల్లీ అన్నాను. పోయేది ఒక పాత చీరేగా.

ఫిబ్రవరి 5, గురువారం

కళావతి, నేను మధ్యాహ్నం అన్నాల దగ్గర కూర్చుని ఆలోచన. మా సెక్షన్ నుంచి మేమిద్దరమే. మా గుడియాత్తం నుంచి విమానాశ్రయానికి షేర్ వ్యాన్ ఉంది, గల్ఫ్‌కి పోయేవాళ్ళని ఇంటింటికీ వచ్చి ఎక్కించుకుంటాడు. అంత ఖర్చు మన వల్ల కాదు. బస్సులో పోతే చెన్నైలో ఎక్కడో దింపి మళ్ళీ ఇంకో బస్సు. రైలే నయం. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్కు స్టేషన్లో లోకల్ ఎక్కితే తిరుశూలం. స్టేషన్ ఎదురుగానే విమానాశ్రయం.

పల్లావరంలో ఒక లాడ్జి పట్టింది కళావతి, ఫోన్లో. "విమానాశ్రయానికి రెండు నిమిషాలు" అని రాసి ఉంది. ఫొటోలో తెల్ల దుప్పటి, కిటికీ, పూలకుండీ. పూలకుండీ చూస్తేనే అనుమానం నాకు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

తెల్లారకముందే లేచి చూస్తే అత్త తయారు. పసుపు గుడ్డ సంచి చంకలో. పక్కింట్లో పెడితే సరిపోదా అంటే, "పక్కింట్లో కాదు. కావేరిపాక్కంలో మా చెల్లెలింట్లో పెడతా. తూర్పు దిక్కు, నీకు దారే గదా." మోకాళ్ళ నొప్పులని మోర్ధానా కాలువ గట్టు దాకా కూడా నడవని మనిషి, రెండు బస్సులు మారి పోయి సాయంత్రానికి తిరిగొచ్చింది.

నన్ను పంపించెయ్యడానికి ఎంత ఓపికో!

ఫిబ్రవరి 7, శనివారం

ఆయన నా పెద్ద బ్యాగు జిప్పుకి కొబ్బరినూనె రాసి సరిచేశాడు. మాట్లాడకుండా, ఒక గంట. "పాస్‌పోర్టు యాడ పెట్టినావు? భద్రమా?" అని రెండుసార్లు అడిగాడు. బీరువాలో, పట్టుచీర కింద అని చెప్పాను. మనసు కరిగింది. ఇరవై ఏళ్ళ కాపురంలో నా వస్తువు ఎక్కడుందని ఈయన అడగడం ఇదే మొదలు.

ఫిబ్రవరి 8, ఆదివారం

పాస్‌పోర్టు లేదు.

పట్టుచీర కింద లేదు. బీరువా మొత్తం దులిపాను. ఆయన నాకంటే ముందే వెతికినట్టున్నాడు, చీరలన్నీ కలిసిపోయి ఉన్నాయి. "నేనూ చూసినాలే, కనపడలా" అన్నాడు.

అత్త వంటింట్లోంచి, చింతపండు పిసుకుతూ, తల ఎత్తకుండా — "సంచిలో పెట్టినా."

ఏ సంచిలో?

"పరస్థానం సంచిలో."

నా నోటికి ఏమొస్తే అది అన్నాను. కావాలని చేసింది. ఖచ్చితంగా కావాలనే. వద్దని చెప్పే దమ్ము లేక, పంచాంగం అడ్డం పెట్టుకుని గొంతు కోసింది. అత్తలేని కోడలు ఉత్తమురాలని ఊరికే అన్నారా! ముసలిది పులుసులో ఉప్పు చూసుకుంది. అదే ఇంకా మండింది నాకు.

ఇదంతా రాస్తున్నా, దాచాల్సిన పని లేదు. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్ళు లేరు, చదవగలిగినవాళ్ళూ లేరు. అందరిదీ అరవ బడి. పలమనేరు నుంచి నేను తెచ్చుకున్న సారెలో మిగిలింది ఈ అక్షరాలొక్కటే.

ఫిబ్రవరి 9, సోమవారం

కడపటి డ్యూటీ. మేనేజర్ "పాస్‌పోర్టు ఉంది కదా?" అంటే ఉంది సార్ అన్నాను.

ఆయన పొద్దున్నే బండి తీశాడు. "నువ్వు పనికి పో, నేను పోయి సంచి తెచ్చిస్తా." అత్త గుమ్మంలో నిలబడి "తెస్తే గడప లోపలికి రానీను" అంది. ఇంత మొండితనమా? నేనే ఆయన్ని పొమ్మని సాగనంపాను.

సాయంత్రం ఉత్త చేతులతో వచ్చాడు. "పిన్నమ్మ ఇల్లు తాళం ఏసుండాది. ఊర్లో లేనట్టుంది."

చిన్నత్తకి ఆరుసార్లు ఫోన్ చేశాను. మోగుతుంది, ఎత్తదు. అన్నం సయించలేదు. ఆయన మాత్రం "పోతే పోనీలేమే, ఇంకో ఏడు పోవచ్చు" అని నా పళ్ళెంలో అప్పడం వేశాడు.

ఇంకో ఏడు! రెండో లిస్టువాళ్ళు ఇంకో ఏడు దాకా ఆగుతారా?

ఫిబ్రవరి 10, మంగళవారం

పొద్దున 7 — కళావతి నేరుగా రైల్లో పోయింది, లాడ్జిలో ఉంటానంది. నేను బస్సు. ఆయన బస్టాండు దాకా వచ్చి బ్యాగు పైకి ఎక్కించాడు. అత్తకి చెప్పకుండానే వచ్చేశాను. చెప్పాలనిపించలేదు.

9.30 — వేలూరు కొత్త బస్టాండు. కాంచీపురం బస్సు ఎక్కాను, కిటికీ పక్క సీటు. ఎండ.

11 — కావేరిపాక్కం. ఇల్లు తెరిచే ఉంది! చిన్నత్త అరుగు మీద మినుములు చెరుగుతోంది.

సంచి లేదు.

"నిన్న పొద్దన్నే నెమిలికి పంపేసినామ్మా, సుజాత ఇంటికి. ఒకే చోట మూడు రాత్రులు దాటకూడదు గదా, దాటితే పరస్థానం చెల్లదు."

అయ్యో నా తల్లీ! నా పాస్‌పోర్టు ఊరేగుతోంది, నేను వెనకాల పరిగెత్తుతున్నాను. నిన్న ఎక్కడికి పోయావు, ఇల్లు తాళం వేసి ఉందట కదా అని అరిచాను. "నేనా? నిన్నంతా ఈడనే ఉంటినే" అంది. అని నాలుక కరుచుకుంది. తర్వాత నా వైపు చూడలేదు. మజ్జిగ ఇచ్చి, "సీక్కిరం పో, నెమిలి బస్సు పోతాది" అని తరిమింది.

బస్సులో అదే ఆలోచన. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు.

1.15 — నెమిలి. సుజాత, చిన్నత్త కూతురు. గుమ్మంలోనే చెప్పేసింది — సంచి ఇక్కడా లేదు. వాళ్ళాయన గిండీలో క్యాంటీన్ పనికి తెల్లవారుజామున పోతూ పట్టుకుపోయాడు. రాత్రి ఏడింటికి తిరుశూలం స్టేషన్లో, టికెట్ కౌంటర్ దగ్గర ఇస్తాడట. అంతవరకూ అతని ఫోన్ లాకర్లో.

ఏడ్చేశాను. గుమ్మంలోనే కూలబడి. మీరంతా కలిసి నన్ను ఆడిస్తున్నారా అన్నాను.

సుజాత పక్కన కూర్చుంది. "వదినా, చెప్పొద్దంది అమ్మ. చెప్పకుంటే నా కడుపు ఉబ్బిపోతాది. నిన్న అన్న వచ్చినాడు అమ్మ దగ్గరికి. సంచి ఇయ్యి, ఇంటికి తీస్కపోతానన్నాడంట. అప్పటికే అది ఈడికి వచ్చేసింది. తిన్నె మీద కూర్చోని ఏడ్చినాడంట అన్న. దాన్ని వద్దనేదానికి నాకు నోరు రాదు, పోనిచ్చేదానికి మనసు రాదు, పాస్‌పోర్టు లేకుంటే అదే నిలిచిపోతాది, అన్నాడంట."

మరి మా అత్త?

"పెద్దమ్మ శుక్రవారమే చెప్పింది అమ్మకి. ఎవురొచ్చి అడిగినా ఇయ్యొద్దు, నా కొడుకు అడిగినా ఇయ్యొద్దు, ముందుకే పంపు అని."

2.40 — అరక్కోణం, ప్లాట్‌ఫాం. బీరువాలో కలిసిపోయిన చీరలు. "నేనూ చూసినాలే"... జిప్పుకి నూనె రాసింది ఆ చేతులే, చీరల కింద తడిమిందీ ఆ చేతులే. రెండూ ఆయనే. కోపం రావాల్సింది, రావడం లేదు.

అత్తకి ఫోన్ చేశాను. నాకెందుకు చెప్పలేదు?

"నా కొడుకు మీద నీకు నేను చాడీ చెప్పాల్నా?"

నేను అన్నన్ని మాటలంటే పడ్డావే...

"అంటే అన్నావులే." తర్వాత — "నాకూ ఒకతూరి పరస్థానం పెట్టినారు, పాపా. టీచర్ ట్రైనింగుకి మద్రాసు పోయేదానికి. పక్కింట్లో పెట్టినారు. రాత్రికి మా నాయన మనసు మార్చుకోని, పోయి ఎత్తుకొచ్చేసినాడు. చీరే గదా అందులో ఉండింది. చీరను ఎవురైనా ఎత్తుకొస్తారు. నువ్వు పో."

పెట్టేసింది. రైలు వచ్చేసింది. ఎనిమిదో తేదీ పేజీ చింపేద్దామని పట్టుకున్నాను. చింపలేదు. ఉండనీ, నాకు బుద్ధి.

సాయంత్రం 6.30 — తిరుశూలం. ఎదురుగా విమానాశ్రయం, ఇక్కడ నేను, పాస్‌పోర్టు లేకుండా. కౌంటర్ దగ్గర పసుపు సంచి పట్టుకున్న ప్రతివాడి మొహం చూస్తున్నాను. ఒకడు భయపడి పక్కకి జరిగాడు.

7 — రాలేదు.

7.25 — వచ్చాడు! క్యాంటీన్ యూనిఫాంలోనే, చెమటతో. "లోకల్ నిలిచిపోయిందక్కా." సంచిని చంటిబిడ్డలా రెండు చేతులతో ఇచ్చాడు. అక్కడే విప్పాను. చీర. చీర మడతల్లో ప్లాస్టిక్ కవరు. అందులో పాస్‌పోర్టు, ఒక పసుపు కొమ్ము, ఒక వక్క. ఆ చీర నాది కాదు. అత్తది, ఒంగపూవు రంగు గుడియాత్తం నేత, పెళ్ళిళ్ళకి తప్ప కట్టనిది.

8 — లాడ్జి. పూలకుండీ ప్లాస్టిక్‌ది. రెండు నిమిషాలంటే విమానంలో పోతే రెండు నిమిషాలేమో, సామాన్లతో ఇరవై ఐదు నిమిషాలు నడిచాను. కింద పరోటా అంగడి, పైన మా గది. కౌంటర్‌లో మనిషి ఆధార్ కార్డులు తిప్పి తిప్పి చూసి, తోడు మగవాళ్ళెవరూ లేరా అన్నాడు. "ఆమెకి నేను తోడు, నాకు ఆమె తోడు. తాళం ఇయ్యి నాయనా" అంది కళావతి.

విమానం దిగినప్పుడల్లా కిటికీ అద్దం అదురుతోంది. ఆయన దగ్గర్నుంచి నాలుగు ఫోన్లు. ఎత్తలేదు. ఏమని ఎత్తను? పాస్‌పోర్టు దిండు కింద పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 11, బుధవారం

5.20 — స్నానం. నీళ్ళు సన్నగా వస్తున్నాయి. అత్త చీర కట్టుకున్నాను.

5.45 — ఫోన్. ఆయనే. ఈసారి ఎత్తాను.

"లేచినావా?"

లేచాను.

"కింద ఉండా. పరోటా అంగడికి ఎదురుగా. రాత్రి బస్సుకొచ్చినా. లాడ్జి పేరు కళావతి మొగుడు చెప్పినాడు. కిందికి రా."

ఎందుకొచ్చావు?

"టీ తాగుదువు రా" అన్నాడు.

కిటికీలోంచి చూశాను. నిజమే. రోడ్డుకి అవతల, మూసిన షట్టర్ ముందు, చేతులు చంకల్లో పెట్టుకుని. శనివారం నాటి చొక్కానే. సాగనంపడానికి వచ్చాడా, తీసుకుపోవడానికి వచ్చాడా? ముఖం చూస్తే తెలియడం లేదు. ఆయనకీ తెలుసో లేదో. ఆయన ఎదురుగా నిలబడి ఏడిస్తే నేనేమవుతానో నాకు తెలుసు, అదే భయం. ఇరవై ఏళ్ళు... చూడకుండా వెనక మెట్లమీదుగా పోలేను. పోతే ఆరు నెలలూ నాకు అన్నం దిగదు.

6.05 — కళావతి బ్యాగులు సర్దేసింది. "అక్కా, ఆటో వచ్చింది. ఏం చేద్దాం?"

పాస్‌పోర్టు తీసి పసుపు సంచిలో పెట్టాను. కొమ్ము, వక్క కూడా. టికెట్ కాగితం పెట్టాను. ముడి వేసి కళావతి చేతికిచ్చాను. నువ్వు ముందు పో, గేటు దగ్గర పట్టుకుని నిలబడు, ఎవరొచ్చి అడిగినా ఇవ్వొద్దు అన్నాను.

"నువ్వు అడిగినా?"

నేను ఫోన్ చేసి వెనక్కి తెమ్మన్నా తేవద్దు.

బ్యాగులతో సహా ఆటో పోయింది. ఆయన తల తిప్పి ఆటో వైపు చూశాడు, మళ్ళీ కిటికీ వైపు చూశాడు. గేటుకి ఇంకా యాభై నిమిషాలుంది. ఉత్త చేతులతో కిందికి దిగుతున్నాను.