గిన్నెలో మిగిలింది

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు ఫోను ఎత్తవు. ఎత్తినా మీ ఆసుపత్రి లాండ్రీ యంత్రాల రొదలో నా మాట నీకు వినపడదు, నీ విసుగు మాత్రం నాకు బాగా వినపడుతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చదవకుండా పడేశావో, నా మీద ఒట్టే.

నాన్నని ఇంటికి తెచ్చేశాం. ఇక చేసేదేమీ లేదన్నాడు డాక్టరు. నోట్లో మొదలైన పుండు దవడ తినేసి చెంప మీదికి వచ్చింది. నలభై ఒక్క ఏళ్ళు పాస్టరుగా ఈ లూథరన్ చర్చి సంఘానికి ప్రసంగం చెప్పిన నోట్లోంచి ఇప్పుడు మాట రావడంలేదు. పలక ఇచ్చి చూశాను. చెయ్యి వణికి గీతలు పడ్డాయి గానీ ఒక్క అక్షరం కుదరలేదు. మన చిన్నప్పుడు మార్కుల కాగితం చూపించినా, దెబ్బ తగిలి ఏడ్చినా, "అంటే ఏమిటి?" అని అడిగి మనచేతే చెప్పించేవారు కదూ! ఇప్పుడు ఆయన్ని అడగాల్సిన వంతు నాది.

వాసన సంగతి నీకు చెప్పేదేముంది, నీ ఉద్యోగమే అది. దుప్పటికి పట్టిన నెత్తురూ చీమూ పోతాయని వేడినీళ్ళలో నానబెట్టాను. మరక ఇంకా గట్టిగా పట్టుకుంది. ఎలా ఉతకాలో రాయి.

సంఘ పెద్దలు వచ్చారు. గుమ్మం దాటలేదు. ముక్కుకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుని "అయ్యగారు మాకు తండ్రిలాంటివారు" అన్నారు. తండ్రి దగ్గరికి ఇలాగేనా వచ్చేది? కొలతల అత్త మాత్రం లోపలికి వచ్చింది. మనం పెట్టిన పేరే, మరిచిపోలేదుగా? గుడి తెరలూ పాస్టర్లు తొడిగే అంగీలూ కుట్టే ఆవిడ, మెళ్ళో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. వచ్చి ఏం చేసిందనుకున్నావు? కిటికీలు కొలిచింది! కొత్త పాస్టరుగారి కుటుంబం చర్చివారి ఈ ఇంట్లోకి వచ్చేసరికి తెరలు సిద్ధంగా ఉండాలట. మంచం మీద మనిషి ఇంకా ఊపిరి పీలుస్తున్నాడు, ఈవిడ "నాలుగున్నర, మూడుంపావు" అని రాసుకుంటోంది. ఛీ!

అసలు సంగతి ఇది. కొత్త పాస్టరు నాన్నకి ప్రభు భోజనం, అదే ఆ రొట్టే ద్రాక్షారసమూ, ఇవ్వడానికి వచ్చాడు. దగ్గుమందు సీసా మూతంత ప్లాస్టిక్ గిన్నెలో ద్రాక్షారసం తెచ్చాడు. నాన్న పెదవులు బిగించేశారు. ఎంత బతిమాలినా తెరవలేదు. ఊళ్ళో ఎంతమంది చావు మంచాల దగ్గరికి ఈయన ఆ గిన్నె పట్టుకుని సైకిలు మీద వెళ్ళారో లెక్కే లేదు. ఆయన మాత్రం అది లేకుండానే పోవాలా? నీకోసమే ఆగారని నా మనసు చెబుతోంది. నువ్వూ గురుపట్టం పొంది పాస్టరువైనవాడివే. ఆరోజు నీ తల మీద ఉంచిన చేతుల్లో నాన్నవీ ఉన్నాయి. ఒక్కసారి రారా.

ఎదురుచూసే
నీ అక్క

&nbsp;

ప్రియమైన అక్కకి,

ముందు దుప్పట్ల సంగతి. నెత్తురు మరకకి వేడినీళ్ళు తగలనివ్వకూడదు, ఉడికి గుడ్డలోకి దిగిపోతుంది. చన్నీళ్ళు, ఉప్పు, రెండు గంటలు. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ చన్నీళ్ళు. వేడినీళ్ళూ సోడా ఆ తరవాతే. చేతులకి తొడుగులు వేసుకో.

ఇక రెండోది. నేను రాను.

కక్కిన కూడు మళ్ళీ తినమంటావా? నేనెందుకు వదిలేశానో నీకు తెలుసు. ముందు వరస కుర్చీల కోసం కొట్టుకునే పెద్దలు, ప్రార్థన అయిన నిమిషానికే ఒకడి మీద ఒకడు చాడీలు చెప్పుకునే పెద్దలు. నాలుగు నెలలు చూశాను, చాలు. అంగీ విప్పి కొక్కేనికి తగిలించి వచ్చేశాను. ఇక్కడికి వచ్చే గుడ్డల్లో ఏముంటుందో చెబితే నువ్వు అన్నం తినలేవు. అయినా ఇక్కడ మురికి మురికిలాగే కనపడుతుంది, తెల్ల అంగీ వేసుకుని రాదు.

నాన్నకి ఆయన సంఘమే ఇవ్వాలి. నలభై ఒక్క ఏళ్ళు వాళ్ళ చావులూ పుట్టుకలూ మోశారుగా, ఈ ఒక్క పని వాళ్ళని మొయ్యమను. కిటికీల దగ్గర కొలతల అత్తని చూసి ఆశ్చర్యపోయావా? నాకు ఆశ్చర్యం లేదు. ఆవిడ పాడెకి కూడా టేపు పెట్టే రకం.

నాన్నకి నా ముద్దులు.

నీ తమ్ముడు

&nbsp;

ప్రియమైన మొండి తమ్ముడికి,

మరకలు పోయాయి. చదువుకున్న వేదాంతం కంటే ఆ లాండ్రీ నీకు ఎక్కువ నేర్పినట్టుంది.

నాన్న ఎముకల గూడయ్యారు. పల్చటి జావ చెంచాతో పోస్తే సగం లోపలికి, సగం మెడ మీదికి. కొత్త పాస్టరు నిన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతికి తొడుగులు, మూతికి గుడ్డ, అదే బుల్లి గిన్నె. నాన్న మళ్ళీ నోరు బిగించారు. తరవాత వేలు పైకెత్తి అలమార చూపించారు. తెరిస్తే లోపల గుడిలో వాడే పాత వెండి గిన్నె ఉంది. తీసుకొచ్చాను. నాన్న గిన్నె వంక చూశారు, పాస్టరు వంక చూశారు, మళ్ళీ గిన్నె వంక చూశారు. "అది పాతదమ్మా, ఇలాంటి రోగానికి మంచిది కాదు" అన్నాడాయన. సరేనని తీసి లోపల పెట్టేశాను. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నారు. నాకేం అర్థం కాలేదురా. "అంటే ఏమిటి నాన్నా?" అని చెవి దగ్గర అడిగాను. కంటి చివర నీళ్ళు కారాయి.

పెద్దల భాగోతం విను. సమాధి కార్యక్రమంలో ఎవరు మాట్లాడాలో, శవపేటిక ముందు కొమ్ము ఎవరు పట్టాలో మన వరండాలోనే కూర్చుని తేల్చుకున్నారు. గొంతులు తగ్గించను కూడా లేదు. పక్క గదిలో ఆయనకి చెవులు పనిచేస్తున్నాయి! "ఇంకా బతికే ఉన్నారండీ" అన్నాను. "అయ్యో, మేం కాదన్నామా" అన్నాడొకాయన. ఇంత సిగ్గులేని మాట నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

నువ్వు ఎగతాళికి అన్నదే నిజమైంది. కొలతల అత్త నేరుగా మంచం దగ్గరికొచ్చి, దుప్పటి పైనుంచి నాన్న భుజాలు కొలిచింది. "అయ్యగారు బాగా తగ్గిపోయారమ్మాయ్, పాత అంగీ వదులైపోతుంది" అంది. సమాధికి తొడిగే అంగీ అన్నమాట! "అత్తా, బయటికి నడు" అని అరిచాను. టేపు చుట్టుకుంటూ వెళ్ళింది, మొహంలో ఏ మార్పూ లేదు.

నాకు మనుషులంటేనే రోత పుడుతోంది. నువ్వు రాకపోతే నువ్వూ ఆ జాబితాలోకే చేరతావు.

నీ అక్క

&nbsp;

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని రెండు రోజులు తిరిగాను. నాన్న ఏమడుగుతున్నారో నాకు తెలుసు. ఆయన తరవాత తెలిసింది బహుశా నాకొక్కడికే.

గుడిలో అందరికీ ఒకటే గిన్నె. అందరూ తాగాక అడుగున మిగిలింది నాన్న తాగేవారు, కాసిని నీళ్ళు పోసి కడిగి ఆ నీళ్ళు కూడా తాగేవారు. నాకు పని నేర్పేటప్పుడు అన్నారు: "అందరి తరవాత నేను తాగకపోతే, ఒకరి నోరు మంచిది, ఒకరి నోరు చెడ్డది అని నేనే తీర్పు చెప్పినట్టురా." ఇప్పుడు ఆయన నోరే చెడ్డదైంది. వేరే గిన్నె తెస్తున్నారు. అందుకే తెరవడంలేదు. ఆయనకి కావాల్సింది నేను కాదక్కా. ఆయన తరవాత ఆ గిన్నెలో తాగే ఒక మనిషి కావాలి.

ఇది నాకెలా తెలుసంటావా? పెద్దల గొడవలకి విసిగి వదిలేశానని చెప్పింది అబద్ధం. ఆ గొడవలు ఉన్నాయి, నిజమే. వాటికి ఎవడూ పట్టం వదులుకోడు. ఆరేళ్ళ కిందట ఒక ఆదివారం నాన్న నాచేత గిన్నె పట్టించారు. వరసలో చివర ఒక ముసలావిడ, పెదవుల నిండా పుళ్ళు. తాగి ఇచ్చింది. గిన్నెలో ఎర్రటి రసం మీద తెల్లటి తీగలాంటిది తేలుతోంది. నోటిదాకా తెచ్చాను. నావల్ల కాలేదు. గిన్నె బలిపీఠం మీద పెట్టి, అంగీలు మార్చుకునే గదిలోకి పరిగెత్తి, తొట్టిలో కక్కుకున్నాను. తలుపు సందులోంచి చూస్తే నాన్న మెల్లగా వచ్చి గిన్నె ఎత్తి మొత్తం తాగేశారు, కడిగి మళ్ళీ తాగారు. ఇంటికొచ్చి నేను పెద్దల్ని తిట్టిపోస్తుంటే మీరందరూ నమ్మారు. ఆయన నా మొహం వంక చూసి ఊరుకున్నారు. నా అబద్ధాన్ని ఆరేళ్ళు కడుపులో దాచుకున్నారు.

ఇక్కడ రోజంతా చీమూ నెత్తురూ ఎత్తిపోస్తాను. తొడుగులు వేసుకునేలే. నేనొస్తే మళ్ళీ అదే జరుగుతుంది, ఈసారి ఆయన కళ్ళముందే. నన్ను పిలవకు. కొత్తాయనకి చెప్పు, వెండి గిన్నెలో ఇమ్మను.

అందరికంటే రోత పుట్టేది నన్ను చూస్తేనే.

నీ తమ్ముడు

&nbsp;

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి నిన్ను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ఎందుకో చెబుతాను.

గురువారం పొద్దున కొత్త పాస్టరుని పిలిచి, నాన్న ఏమడుగుతున్నారో చెప్పాను. మొహం పాలిపోయింది గానీ, పాపం ఒప్పుకున్నాడు. వెండి గిన్నెలో పోసి ప్రార్థన మాటలన్నీ చదివాడు. గిన్నె చూడగానే నాన్న నోరు తెరిచారు తమ్ముడూ! చిలక పిల్లలా తెరిచారు. రొట్టె ముక్క తడిపి పెట్టాడు. గిన్నె అంచు ఆనించాడు, రెండు గుక్కలు దిగాయి. కొంత వెనక్కి వచ్చి గిన్నెలోనే పడింది. దానితోపాటు ఇంకేం పడిందో నేను రాయను, నువ్వు చూసిందే.

నాన్న గిన్నె మీంచి చూపు తియ్యలేదు. కొత్తాయన నావంక చూశాడు. "నాకు ఇంట్లో పసిపిల్ల ఉందమ్మా" అన్నాడు. నేను అందుకున్నాను. అవునురా, నేనే. మూడు నెలలు ఆ నోరు తుడిచిన కూతుర్ని, ఆ దుప్పట్లు ఉతికినదాన్ని, ఊరందర్నీ ఛీ ఛీ అన్నదాన్ని. నోటిదాకా తెచ్చుకున్నాను. లోపలికి చూశాను. పొట్టలోంచి పైకి తన్నుకొచ్చింది. నాన్న నన్నే చూస్తున్నారు. నేను తాగలేదు. చెయ్యి కిందికి దిగిపోయింది.

కొలతల అత్త కిటికీ దగ్గరుంది, కుట్టిన అంగీ సరిపోతుందో లేదో చూడ్డానికి వచ్చింది. "ఇలా ఇవ్వమ్మాయ్" అని నా చేతిలోంచి గిన్నె తీసుకుంది. కాఫీ తాగినట్టు తాగేసింది. చెంబులో నీళ్ళు పోసి తిప్పి, అవీ తాగింది. చేతి వెనకతో మూతి తుడుచుకుని, "అయ్యగారూ, అయిపోయిందండీ, ఏం మిగల్లేదు" అంది. నాన్న కళ్ళు మూసుకున్నారు. మిగిలి ఉన్న ఆ కాస్త పెదవి పక్కకి జరిగింది. నవ్వేనురా అది, నాకు తెలుసు.

వరండాలో నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుంది. "ఆరేళ్ళ కిందట మీ తమ్ముడు గిన్నె పట్టిన రోజు, చివర తాగిన పుళ్ళ ముసల్ది మా అమ్మేనమ్మాయ్. ఇంట్లో మా ఆయనే ఆవిడకి వేరే కంచం పెట్టాడు, నేనూ ఊరుకున్నాను. అయ్యగారు ఆవిడ తరవాత తాగారు. మీ తమ్ముడు లోపలికి పరిగెత్తడమూ చూశాను. కుర్రాడు, కడుపు తట్టుకోలేదు, దానికేం! నాకు కోపం లేదని రాయి" అంది. ఆరేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నాన్నా, ఆవిడా, ఇద్దరూ నిన్ను మోశారు. లేచి వెళ్తూ, "ఆ వంటగది కిటికీ ఒకటి మిగిలిపోయింది, రేపు కొలుచుకోవచ్చా?" అంది. కొలుచుకో అత్తా అన్నాను.

శనివారం మధ్యాహ్నం నాన్న వెళ్ళిపోయారు. ఎన్నిసార్లు ఫోను చేసినా నువ్వు ఎత్తలేదు. అంగీ ఒంటికి అచ్చంగా సరిపోయింది. పెద్దలు ముందు కొమ్ము కోసం తోసుకున్నారు, నాకు కోపం రాలేదు. కోప్పడే అర్హత ఏదని.

నేను తాగలేదన్న మాట నీకు తప్ప ఎవరికీ చెప్పను. ఈ ఆదివారం అదే గిన్నెతో ప్రభు భోజనం ఉంది. ముందు కొలతల అత్త నిలబడుతుంది. ఆవిడ వెనక నేను. నా వెనక చోటు ఖాళీగా ఉంచుతాను. రైలు పొద్దున ఆరింటికే ఉంది.

నీలాంటిదే అయిన
నీ అక్క