నన్ను ఏం చూసి తీసుకున్నారు?

కర్నూలు హాస్టల్ నుంచి,

చెన్నకేశవ మామకు,

ఫోన్‌లో అడిగితే నవ్వేసి మాట మారుస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. హైదరాబాదులో మీ ఆఫీసు పక్క కంపెనీలో నాకు ఇంటర్న్‌షిప్పు వచ్చింది. నీకు ఈపాటికే తెలిసి ఉంటుందని నా అనుమానం.

ఎవరి సిఫారసూ లేకుండా రావాలనే నేను ఐక్యూ పరీక్ష రాసి, బాగా తెలివైనవాళ్ళను మాత్రమే చేర్చుకునే ఒక సంఘంలో చేరాను. దరఖాస్తులో మొట్టమొదట ఆ సంగతే రాశాను. ఇంటర్వ్యూ చేసినాయన దాని ఊసే ఎత్తలేదు. చివర్లో మాత్రం, "ఈ ఏడు మీ బనగానపల్లె పండ్లు భలే తియ్యగా ఉన్నాయమ్మా" అన్నాడు. నేనిచ్చింది హాస్టల్ అడ్రసు. మా ఊరు బనగానపల్లె అని దరఖాస్తులో ఎక్కడా లేదు.

అమ్మను అడిగితే, "వచ్చింది గదా, ఇంగా ఏం ఆరాలు తీస్తాండావు మే?" అని కసిరింది.

ఒకటో తారీఖున చేరమన్నారు. నీ జవాబు వచ్చేదాకా నేను బస్సెక్కను.

ఇంటర్వ్యూకు ముందు వారం అమ్మ నీకు రెండు పెట్టెల మామిడిపండ్లు పంపింది. మీ ఇంట్లో ఉండేది నువ్వూ అత్తా ఇద్దరే, అత్తకేమో షుగరు. రెండో పెట్టె ఎవరింటికి పోయింది, మామా?

నీ మేనకోడలు