అయ్యగారు వేసిన నా వీపు

కోపెన్‌హాగెన్, 1899 నవంబరు

అమ్మా, కులాసాగా ఉన్నాను. చేపలమ్మే ఆనె అత్త నీకు చేరవేసిన కబురు నిజమే, మా అయ్యగారు నా బొమ్మ వేశారు. కంగారుపడకు, వీపు మాత్రమే. గదిలో కుర్చీలన్నీ తీయించేసి నన్ను కిటికీ వైపు తిరిగి నిలబడమన్నారు.

"మొహం వద్దాండీ?" అన్నాను.

"మొహం కనిపిస్తే జనం దాంతోనే కబుర్లు పెట్టుకుంటారే పిల్లా. కదలకు!" అని కసిరారు.

రంగు ఆరాక చూద్దును కదా, అది నేను కాదు, మన పొయ్యి దగ్గర నిలబడ్డ నువ్వు! కుడి భుజం అచ్చం నీలాగే వాలిపోయింది. నీకు బావినీళ్ళు మోసి మోసి వాలింది. నాకు ఈ బొగ్గుల బుట్టతో ఎప్పుడు వాలిందో!

ఉన్ని మేజోళ్ళు పంపు. ఎర్రావు ఈనిందా? తమ్ముడికి ముద్దులు. ఇకమీదట చెల్లి సిసెల్‌ని నీళ్ళు ఎప్పుడూ ఒకే భుజాన మోయనివ్వకు.

నీ దోర్తె