అద్దంలో నిలబడిన మనిషి

సరోజా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. నా పనులు మాత్రం ఆగలేదు. పొద్దున కల్లూరులో గృహప్రవేశం, మధ్యాహ్నం పక్క పల్లె చర్చిలో బాప్తిస్మం, మొన్న బడిలో పిల్లల గ్రూపు ఫొటోలు. నువ్వు లైటు పట్టుకునే చోట ఇప్పుడు ఇనుప స్టాండు నిలబెడుతున్నాను.

నిన్న బజారులో బట్టల కొట్టు శెట్టిగారి కోడలు తన పెళ్లి ఫొటో తెచ్చింది. ఆరేళ్ల కిందట మనిద్దరం కలిసి తీసిన పెళ్లే అది. "దీన్ని పెద్దది చేసియ్యన్నా, గోడకు తగిలిస్తాము. ఎనక అద్దంలో ఎవురో ఆడమనిషి కనపడతాండాది. ఆమెను తీసేయన్నా," అంది.

కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే నువ్వే. చేయెత్తి లైటు పట్టుకొని, పెళ్లికూతురిని చూసి నవ్వుతున్నావు. ఆరోజు నువ్వలా నవ్వావని నాకు తెలియనే తెలియదు. నా కన్ను కెమెరాలో ఉంది కదా.

ప్రతి పెళ్లిలోనూ "ఏమయ్యా, నేను ఫొటోలో పడలేదు గదా, సూడు," అని అడిగేదానివి. ఆ మాట తలచుకుంటూనే పనిలో కూర్చున్నాను. నువ్వున్న ఆ ఫొటోకు కాపీ ఒకటి విడిగా దాచుకున్నాను. తర్వాత మొదట నీ చేయి చెరిపాను, ఆపైన చీర. ముఖం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చివరికి అదీ చెరిపి, అద్దం నిండా గోడ రంగు నింపాను.

ఈ సాయంత్రం ఆమె వచ్చి చూసి సంబరపడింది.

"శానా బాగుండాదన్నా. ఆడ ఎవురూ లేనట్టే ఉండాది."

అవునమ్మా అన్నాను.